చెవిన పడ్డ సాహిత్యం

కొమరోలు ఏ జిల్లాలో ఉందని అడిగితే, చెప్పేవాడి వయసును బట్టి జవాబు మారుతుంది. మా పెద్దవాళ్లు చాలాకాలం కర్నూలు జిల్లా అనే చెప్పేవాళ్లు. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు నుంచి గిద్దలూరు, మార్కాపురం తాలూకాలను, నెల్లూరు నుంచి కొంత, గుంటూరు నుంచి కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 1985లో మండలాలు వచ్చాక కొమరోలు మండల కేంద్రమైంది. కాయితాల మీద ఎన్ని మార్పులు వచ్చినా మాట మాత్రం మారలేదు. పొలిమేర దాటితే కడప జిల్లా. మా యాస ఆ వైపుదే, మా చుట్టరికాలు సగం ఆ వైపే. కచేరీ పనులకు మాత్రం ఒంగోలు పోయేవాళ్లం.

ఇట్టా అన్ని జిల్లాలకూ చివర ఉన్న ఊరికి ఒక నష్టం ఉంది. ఎవరు చరిత్ర రాసినా మా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల కాయితం అయిపోతుంది. రాయలసీమ సాహిత్యం గురించి రాసేవాళ్లు పోరుమామిళ్ల దగ్గర ఆగిపోతారు, ప్రకాశం జిల్లా కవుల గురించి రాసేవాళ్లు ఒంగోలు, అద్దంకి దాటి పడమటికి రారు. తెలుగు పాఠాలు చెప్పి బతికిన మనిషిని కాబట్టి ఆ లోటు నాకు కొంచెం ఎక్కువగానే గుచ్చుకునేది. ఇప్పుడు పిల్లల రికార్డులు దిద్దే పని లేదు. అందుకని మా ఊరికి సాహిత్యం ఎట్టా వచ్చిందో, ఎవరు తెచ్చారో రాసిపెట్టాలని కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టగానే ఒకటి తేలింది. మా దగ్గర సాహిత్య చరిత్ర అంటే పుస్తకాల చరిత్ర కాదు, వినికిడి చరిత్ర.

పటం ముందు పెట్టుకుని చూడండి. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు. ఆ రెంటి నడుమ సన్నటి నేల. ఉత్తరాన కంభం వైపు గుండ్లకమ్మ పారుతుంది, దక్షిణాన సగిలేరు పోరుమామిళ్ల మీదుగా పెన్నలో కలుస్తుంది. కంభం చెరువును శ్రీకృష్ణదేవరాయల దేవి వరదరాజమ్మ తవ్వించిందని చెబుతారు. పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించాడని అక్కడి శాసనమే చెబుతుంది. చెరువు ఎట్టా కట్టాలో, ఎక్కడ కట్టకూడదో కూడా ఆ శాసనం పూసగుచ్చినట్టు చెప్పింది. ఈ తావులో రాసి నిలిచిన మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కవిత్వం కాకపోయినా అది రాతి మీద ఉంది. మిగిలినదంతా నోటి మీద ఉంది.

ఆ నోటి మీద ఉన్నది తక్కువేం కాదు. దక్షిణంగా పోతే కందిమల్లాయపల్లె, పోతులూరి వీరబ్రహ్మంగారు ఉన్న చోటు. బ్రహ్మంగారి తత్వాలు, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య పేరు మీద పాడే తత్వాలు మా పల్లెల్లో ఏకతారా పట్టుకున్న ప్రతివాడికీ వచ్చు. ఇంకొంచెం పోయి బద్వేలు దాటితే గోపవరం, రామాయణం రాసిన మొల్ల ఊరు. వేమన పద్యాలు సరేసరి. బ్రౌన్ దొర ఉద్యోగం చేస్తూ వాటి వెంటపడి ప్రతులు పోగుచేసి, 1829లో అచ్చు వేయించాడు. మా ఊళ్లలో మాత్రం అచ్చుతో పని లేకుండానే అవి నలుగుతూ వచ్చాయి. పక్కన నల్లమలలో చెంచుల పాటలు, ఊళ్లో చెక్కభజన, పండరి భజన, తోలుబొమ్మలాట, బుర్రకథ. వానల్లేని ఏడు విరాటపర్వం చదివించే ఆచారం తెలుగునాట చాలాచోట్ల ఉన్నట్టే ఇక్కడా ఉండేది. ఒకరు పద్యం చదువుతారు, ఇంకొకరు అర్థం చెబుతారు, మిగిలినవాళ్లు ఆకాశం వైపు ఒక కన్ను వేసి వింటారు. వాన వచ్చిందా రాలేదా అన్నది వేరే సంగతి, ఊరందరికీ తిక్కన మాత్రం వచ్చాడు. చదవడం రానివాడికి కూడా కీచకుణ్ణి భీముడు ఎట్టా చంపాడో తిక్కన పద్యంతో సహా తెలుసు. దీన్ని నిరక్షరాస్యత అనే ఒక్క మాటతో కొట్టేయడం నాకు నచ్చదు.

అచ్చు ఎందుకు రాలేదంటే దానికి కారణం నీళ్లు. కృష్ణా, గోదావరి కాలువలు పారిన చోట పంట మిగిలింది, మిగిలిన పంట బడులై, ప్రెస్సులై, గ్రంథాలయాలైంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి దగ్గర కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకం పడవెక్కి రేవు రేవుకూ పోయేదంట! చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. కాలువే లేని మా ఊరికి పడవ ఎట్టా వస్తుంది? ఇంకో విడ్డూరం కూడా ఉంది. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకల్లో చాలావరకు మార్కాపురం గనుల రాయితో తయారయ్యేవి. పలక మాది, దాని మీద రాసింది ఎవరో.

అందుకే రేడియో మాకు మిగతా ఊళ్లకన్నా పెద్ద సంగతి అయింది. అది కాలువ గట్టున ఉన్న ఊరికీ మెట్టపొలాల ఊరికీ ఒకే నిమిషంలో ఒకే మాట చెప్పింది. పుస్తకం బెజవాడలో అచ్చై, ఒంగోలు చేరి, అక్కడి నుంచి మా దాకా రావాలంటే ఏళ్లు పట్టేది. చాలాసార్లు వచ్చేది కూడా కాదు. రేడియోలో చదివిన కథ తెనాలి వాడు విన్నప్పుడే మా ఊరి వాడూ విన్నాడు. తెలుగు సాహిత్యంలో మాకు మొదటిసారి సమాన వాటా దక్కింది అక్కడే.

మా వైపు తెలుగు రేడియో మొదట మద్రాసు నుంచి వినపడింది. 1938 జూన్ 16న అక్కడ కేంద్రం మొదలైంది. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో 1935 నుంచే ఉంది. బెజవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. మద్రాసు కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు చేరింది 1941లో. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన రాత్రి ఆయన కట్టిన పాటను టంగుటూరి సూర్యకుమారి పాడారు. కృష్ణశాస్త్రి, గోపీచంద్, బుచ్చిబాబు, దాశరథి, పేరున్న వాళ్లంతా ఏదో ఒక కాలంలో రేడియో జీతం తీసుకున్నవాళ్లే. సాహిత్యాన్ని నెలజీతానికి పెట్టుకున్న సంస్థ అది. అయితే ఆ మద్రాసు రోజుల్లో మా వైపు రేడియో పెట్టె ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కరెంటు లేని పల్లెకు రేడియో ఎందుకు?

మామూలు జనానికి రేడియో దొరికింది పంచాయతీల వల్ల. పంచాయతీ ఆఫీసులో పెట్టె, బయట చెట్టుకో స్తంభానికో మైకు. 1956లో పూనా చుట్టుపక్కల పల్లెల్లో యునెస్కో సాయంతో రేడియో గ్రామీణ గోష్ఠులని ఒక ప్రయోగం చేశారు. విను, చర్చించు, ఆచరించు అన్నది దాని మంత్రం. 1959 నుంచి దేశమంతా పాకించారు. రైతులు గుంపుగా కూర్చుని ఎరువుల గురించి వినాలని, మాట్లాడుకోవాలని ప్రభుత్వం ఆలోచన. జనం కూర్చున్నారు, విన్నారు. ఎరువుల సంగతి అయిపోగానే లేచిపోవాలని ఎవరూ అనుకోలేదు. ఆ వెనక వచ్చే హరికథ కోసం, నాటకం కోసం ఉండిపోయారు. పాడిపంటల కోసం పెట్టిన మైకు కింద నాటకరంగం తయారైంది. సర్కారు పథకాలు అనుకోని మేలు చేయడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. కొమరోలు సాహిత్య చరిత్రలో ఒక్క తేదీ రాయమంటే నేను దీన్నే రాస్తాను. మీడియం వేవ్ పగటిపూట నేలబారున పోతుంది, కొండ అడ్డమొచ్చినా పెద్దగా లెక్కచేయదు. అందుకని పగలంతా కడప. పొద్దుగూకాక అదే తరంగం ఆకాశంలో పైపొరలకు తగిలి వంగి దూరాలకు దిగుతుంది, కాబట్టి రాత్రిళ్లు విజయవాడ, హైదరాబాదు, ఒక్కోసారి సిలోను కూడా గరగరమంటూ వచ్చేవి. ట్రాన్సిస్టర్లు వచ్చాక కరెంటుతో కూడా పని లేకపోయింది. మంచె మీద కాపలా ఉన్నవాడి పక్కన, గొర్రెల మంద దగ్గర, సైకిలు హ్యాండిలుకు తగిలించి, ఎక్కడ చూసినా అదే. అప్పట్లో పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. కట్టనివాళ్లు తనిఖీ వాళ్లు వస్తున్నారంటే పెట్టెను గడ్డివాములో దాచేవాళ్లు.

ఏం విన్నారు? పొద్దున భక్తిరంజని. మధ్యాహ్నం మహిళల కార్యక్రమం. పిల్లలకు బాలానందం. ఆదివారం ఉషశ్రీ గారు. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అంటే మా ఊళ్లో ఎవరికీ తెలియదు, ఉషశ్రీ అంటే తెలియనివాళ్లు లేరు. విరాటపర్వం చదివించుకున్న ఊరికి ఆయన కొత్తేమీ కాదు. చావడిలో పద్యం చదివే అయ్యగారూ అర్థం చెప్పే అయ్యగారూ ఒక్కరై పెట్టెలో కూర్చున్నారు, అంతే తేడా. మా అవ్వ ఆయన చెబుతున్నంతసేపూ "ఊఁ" కొట్టేది. ఎదురుగా మనిషి ఉన్నట్టు ఊఁ కొట్టడం చూసి మేం నవ్వేవాళ్లం. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టకపోతే మర్యాద కాదని ఆమె లెక్క.

ఇక ఉగాది కవి సమ్మేళనం. పచ్చడి తిని, పంచాంగం విన్నాక రేడియో దగ్గర చేరేవాళ్లు కొందరు. కవులు ఒక్కొక్కరు పద్యమో గేయమో చదవడం, వాహ్వాలు, చప్పట్లు, మధ్యలో ఎవరో దగ్గడం, అన్నీ వినపడేవి. గణతంత్ర దినోత్సవం ముందు రోజు రాత్రి సర్వభాషా కవి సమ్మేళనం ఉండేది. 1956 నుంచి ఆకాశవాణి ఏటా చేస్తోంది. దేశంలోని భాషలన్నిటి నుంచి ఒక్కో కవిత, దాని తెలుగు అనువాదం. కాశ్మీరీలోనూ, అస్సామీలోనూ ఇప్పుడు రాస్తున్న కవులు ఏమంటున్నారో గిద్దలూరు తాలూకాలో ఒక పల్లెటూరి బడిపంతులుకు తెలిసింది దాని వల్లనే. ఈ మాట నేను బడిపంతుళ్ల తరఫున చెబుతున్నాను. మా ఊరి సాహిత్య సమాజం అంటే ప్రధానంగా వాళ్లే. పంతుళ్లు, పోస్టుమాస్టరు, లైబ్రేరియను, ఒకరిద్దరు కరణాలు, సంగీతం తెలిసిన ఒక మంగలి, నాలుగు మాటలు అందంగా పేర్చగలిగిన ఒక దర్జీ. సంఘం లేదు, రిజిస్ట్రేషను లేదు, రసీదు పుస్తకం లేదు. బడి వార్షికోత్సవం, ఆగస్టు 15, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, దసరా, ఉగాది, ఇవే వేదికలు. ఈ మధ్య ఆగస్టు 29 గిడుగు వారి జయంతి కూడా చేరింది. ఒకరు చదువుతారు, పదిమంది వింటారు, టీ తాగుతారు, పోతారు. చదివిన కాయితం చొక్కా జేబులోనే చాకిరేవుకు పోతుంది.

ఆ జేబులోంచి కొన్ని కాయితాలు మాత్రం కవరెక్కి కడపకు పోయేవి. "కార్యక్రమ నిర్వాహకులు, ఆకాశవాణి, కడప" అని చిరునామా. నెలలు గడిచేవి. ఒకరోజు ఆకాశవాణి ముద్రతో ఒప్పంద పత్రం వచ్చేది. ఫలానా తేదీన రికార్డింగుకు రావలెను, వ్రాతప్రతి ముందుగా పంపవలెను, పారితోషికం ఇంత. పోస్టుమ్యాను ఆ కవరు ఇవ్వకముందే వీధిలో సగం మందికి సంగతి చెప్పేవాడు. తొలి బస్సుకు పోరుమామిళ్ల, అక్కడి నుంచి బద్వేలు మీదుగానో మైదుకూరు మీదుగానో కడప. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోవడం తప్పదు, అక్కడ చూసేవాడు లేకపోయినా. స్టూడియోలో ఎర్రదీపం వెలిగేసరికి నోరు ఎండిపోతుంది. కాయితం తిప్పిన చప్పుడు మైకులో పడకూడదు. తిరుగు బస్సులో కూర్చున్నాక గాని, తాను చదివింది తన కవితేనని నమ్మకం కుదరదు.

రేడియో కోసం రాయడం వీళ్లకు రాత కూడా నేర్పింది. పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే వెనక్కి పోయి చదువుకోవచ్చు, రేడియోలో వెనక్కి పోలేం. కాబట్టి వాక్యం పొట్టిగా ఉండాలి, కర్త ఎవరో ముందే తెలియాలి, సమాసం నాలుగు మాటలు దాటకూడదు. గ్రాంథికంలో పద్యాలు రాసే పంతుళ్లు కూడా ప్రసంగం దగ్గరికి వచ్చేసరికి వాడుక భాషలోకి దిగేవాళ్లు. గిడుగు వారు వాదించి గెలిచింది బళ్లలో అమలు కావడానికి చాలా ఏళ్లు పట్టింది, రేడియోలో మాత్రం త్వరగానే జరిగిపోయింది.

అయితే వాడుక భాష అంటే ఎవరి వాడుక? ఇక్కడ నాకు రేడియో మీద ఒక కోపం ఉంది. వార్తల భాష, నాటకాల్లో నాయికానాయకుల భాష కృష్ణా గుంటూరు జిల్లాల చదువుకున్నవాళ్ల భాష. మా యాస నాటకంలో వినపడిందంటే అది నౌకరు పాత్రో, హాస్య పాత్రో, తాగుబోతు పాత్రో అయ్యుంటుంది. మా ఊరి పిల్లవాడు రేడియోలో మాట్లాడాలంటే ముందు తన నాలుకను దులిపి ఉతికి ఆరేసుకోవాలి. కడప కేంద్రం ఈ సంగతిలో మిగతా వాటికన్నా మెరుగు. రాయలసీమ మాట, రాయలసీమ పాట అక్కడ ఎక్కువ వినపడ్డాయి. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు కడపలోనే ఉండేవారు. శివతాండవం ఆయన నోట విన్నవాళ్లకు పుస్తకంలో చదివితే తృప్తి తీరదు. ఆ తరం తర్వాత కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం లాంటి కథకులు మా వైపు మాటకు కథలో పెద్దపీట వేశారు. వాళ్లు వేసిన దారి మీదే మా వాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు.

రేడియోకు ఇంకో హద్దు ఉండేది. అది సర్కారుది. కరువు మీద కవిత చదవొచ్చు గాని, కరువుకు కారకులెవరని అడగకూడదు. వలస మీద కథ చదవొచ్చు, అది కూడా చివర్లో ఏదో పథకం పేరు వస్తే ఇంకా మంచిది. ఎమర్జెన్సీ రోజుల్లో ఈ హద్దు ఇంకా ముందుకు జరిగింది. రేడియోలో పట్టని సాహిత్యం మొదటి నుంచీ వీధి వేదికల మీద పెరిగింది. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, ప్రజానాట్యమండలి వచ్చాయి. షేక్ నాజర్ బుర్రకథ కోస్తా నుంచి మెట్ట దాకా పాకింది. 1970లో విరసం వచ్చింది. పడమటి ప్రకాశంలో పూల సుబ్బయ్య లాంటి కమ్యూనిస్టు నాయకుల వెంట పాట కూడా నడిచింది. ఆయన పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టు మా కవులకు ముప్పై ఏళ్లుగా వస్తువు. 1996లో ఒకసారి, 2004లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు వెలిగొండ మీద ఒకటి చదవకుండా సభ ముగియదు. వాటిలో మంచి కవితలు తక్కువే, నిజం చెప్పాలి కదా. కోపం ఎక్కువైతే కవిత పాడవుతుంది. కాని ఒక ప్రాంతం ముప్పై ఏళ్లు ఒకే సంగతి అడుగుతూ వచ్చిందనడానికి అవే సాక్ష్యం. అచ్చులో చూస్తే ఆ సాక్ష్యం దొరకదు.

రేడియో ఒక మారుమూల సాహిత్యాన్ని ఎంత దూరం తీసుకుపోగలదో చూడాలంటే కరీబియన్ దీవుల సంగతి చెప్పుకోవాలి. అక్కడా మాలాగే ప్రచురణకర్తలు తక్కువ, ఊళ్లు చెల్లాచెదురు. 1943లో జమైకా కవయిత్రి ఊనా మార్సన్ లండన్ బీబీసీలో ‘కరీబియన్ వాయిసెస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దీవుల నుంచి కథలు, కవితలు టపాలో లండన్ పోయేవి, అక్కడ చదివి గాలిలో వెనక్కి పంపేవాళ్లు. హెన్రీ స్వాంజీ అనే సంపాదకుడు దాన్ని పట్టుదలగా నడిపాడు. స్థానిక యాసలో రాసినవాటిని చిన్నచూపు చూడలేదు. సామ్యూల్ సెల్వన్, జార్జ్ లామింగ్, డెరెక్ వాల్కాట్, నైపాల్ అందరూ ఆ గుమ్మం తొక్కినవాళ్లే. నైపాల్ కొన్నాళ్లు దాన్ని నడిపాడు కూడా. 1958లో ఆగిపోయేనాటికి ఒక సాహిత్యమే నిలబడింది, వాళ్లలో ఇద్దరికి తర్వాత నోబెల్ వచ్చింది. మా కొమరోలు నుంచి కడపకు పోయిన కవర్లకూ ఆ కవర్లకూ పెద్ద తేడా లేదు. తేడా అవతల తీసుకున్న చేతుల్లో ఉంది. అక్కడ సంపాదకుడు ఏళ్లతరబడి ఒకే రచయితను వెంటాడి రాయించాడు. మన దగ్గర ఒకసారి పిలిస్తే మళ్లీ ఏడాదికో రెండేళ్లకో. పైగా చదివినది నిలవ ఉండలేదు. టేపు ఖరీదైనది, ప్రసారమయ్యాక చెరిపి మళ్లీ వాడేవాళ్లు. గొప్పవాళ్ల గొంతులే పోయాయంటే, పల్లెటూరి పంతులు పది నిమిషాల ప్రసంగం గురించి చెప్పేదేముంది?

దూరదర్శన్ వచ్చాక, ముఖ్యంగా 1987లో ఆదివారం రామాయణం మొదలయ్యాక, చెవి పని కంటికి పోయింది. మార్కాపురంలో ఆకాశవాణి ఎఫ్‌ఎం కేంద్రం వచ్చింది, సంతోషమే. కాని ఎఫ్‌ఎం తరంగం సూటిగా పోయే రకం, కొండ వస్తే ఆగుతుంది. కొండల మధ్య ఊళ్లకు పాత మీడియం వేవే నయం.

వినికిడి తగ్గింది గాని రాత తగ్గలేదు. మాకు ఆనుకుని ఉన్న కడప జిల్లా బాలరాజుపల్లె నుంచి సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారు రాసిన ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి తెచ్చుకుంది, 2021లో సినిమా అయింది. కరువు ఏడు గొర్రెలను తోలుకుని నల్లమలలోకి పోవడమే ఆ నవల. ఆయనా బడిపంతులే. ఆ కొండ, ఆ మంద, ఆ మాట మా ఊరివి కూడా. అచ్చులో దాన్ని చూసుకున్నప్పుడు మా వాళ్లు పొందిన గర్వం ఇంతా అంతా కాదు. ఒక పెద్దాయన అయితే, "ఇదంతా మాకు తెల్సిందే గదా, దీనికి బహుమతి ఎందుకిచ్చినారబ్బా" అన్నాడు. ఆయన అన్నది నవలకు మెచ్చుకోలని నేను ఆయనకు చెప్పలేదు.

బహుమతి ఇచ్చింది అమెరికా తెలుగువాళ్లు. వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. డాలస్‌లో ‘నెలనెలా తెలుగు వెన్నెల’ పేరుతో, హ్యూస్టన్‌లో వంగూరి చిట్టెన్‌రాజు గారి పూనికతో, ప్రతి నెలా కూర్చుని రాసింది చదువుకుంటారు. డెట్రాయిట్‌లో పుస్తకాల మీద చర్చ చేస్తారు. కాలిఫోర్నియా నుంచి కిరణ్‌ప్రభ గారు తెలుగు రచయితల జీవితాల మీద గంటలకొద్దీ చెబుతుంటే, మా ఊరి నుంచి బెంగుళూరు పోయిన పిల్లలు బస్సులో చెవికి తగిలించుకుని వింటున్నారు. సముద్రాలకు అవతల నెలకొకసారి పదిమంది కూడగలిగితే, పక్కపక్క వీధుల్లో ఉన్న మేం ఉగాది దాకా ఎందుకు ఆగాలి?

ఇక సొంత రేడియో సంగతి. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో మన తెలుగువారు బి.పి. జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో లైసెన్సులు ఇవ్వొచ్చని కేంద్రం నియమాలు మార్చింది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గర మాచునూరులో సంగం రేడియో మొదలైంది. నడిపేది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. వాళ్ల యాసలో వాళ్ల విత్తనాల సంగతి, వాళ్ల పాటలు, వాళ్ల కథలు. ఎవరూ నాలుక ఉతుక్కోవాల్సిన పని లేదు. ఇందులో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. స్టూడియో కట్టుకున్నాక లైసెన్సు కోసం వాళ్లు దాదాపు పదేళ్లు కాచుకోవాల్సి వచ్చింది. ఆ పదేళ్లూ ఊరుకోలేదు. రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం సమావేశాలకు పట్టుకుపోయి టేప్‌రికార్డర్‌లో వినిపించారు. గాలిలో పంపనివ్వకపోతే సంచిలో వేసుకుని తీసుకుపోయారు. మెట్టపొలాల ఆడవాళ్లు, కరువు నేల, ఎవరూ పట్టించుకోని యాస. మా పడమటి ప్రకాశానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

గిద్దలూరు, కొమరోలు, కంభం, బేస్తవారిపేట కలిసి ఒక చిన్న స్టేషను పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. కాలేజీలున్నాయి, మహిళా పొదుపు సంఘాలున్నాయి, రైతు సంఘాలున్నాయి.  లైసెన్సు వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఈ రోజు ప్రతి జేబులోనూ రికార్డు చేసే యంత్రం ఉంది.

కాబట్టి మా ఊరివాళ్లకు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఒక విన్నపం. నెలకొక ఆదివారం సాయంత్రం లైబ్రరీలో కూర్చుందాం. రాసినవాళ్లు చదవండి, రాయనివాళ్లు వినండి, తత్వాలు వచ్చినవాళ్లు పాడండి. పాడినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తేదీ, ఈ నాలుగూ ముందు చెప్పించి ఆ తర్వాత ఫోనులో రికార్డు చేయండి. లేకపోతే యాభై ఏళ్ల తర్వాత అది ఎవరిదో ఎవరికీ తెలియదు. మీ నాన్నగారో తాతగారో కడప రేడియోలో చదివి ఉంటే, ఆ ఒప్పంద పత్రం, ఆ వ్రాతప్రతి, ఇంట్లో టేపు చేసిన క్యాసెట్టు అటక మీద ఎక్కడో ఉంటాయి. బూజు పట్టినా సరే, పాతసామాను వాడికి వేయకండి, లైబ్రరీకి తీసుకురండి.